చాడ్ ఓజే పేరు ఎవరైనా విన్నారా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫోన్‌లో ఆడే రోజువారీ పజిళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త అన్నిటినీ ఒకే గాటన కట్టేసి, అక్కరకు రాని పేర్లను బుర్రలో కుక్కుకోవడం తప్ప వీటివల్ల ఒరిగేదేమీ లేదని తేల్చేశారు. ఉదాహరణకు బేస్‌బాల్ పజిల్‌ను పట్టుకొచ్చారు. నేను రోజూ ఆడేది సరిగ్గా అదే. ఆ అక్కరకు రాని పేర్లు ఎవరివో నాలుగు చెబుదామని ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. ఎడిటింగ్‌లో ఎక్కడ కోసినా సరే, చాడ్ ఓజే అనే పాత బేస్‌బాల్ ఆటగాడి భాగం మాత్రం ఉంచండి.

నేను క్లీవ్‌లాండ్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. మధ్యాహ్నం బ్రేక్ రూమ్‌లో నలుగురైదుగురం టిఫిన్ డబ్బాలు తెరిచి, ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చుంటాం. పజిల్ పేరు ఇమాక్యులేట్ గ్రిడ్. మూడు అడ్డం, మూడు నిలువు, మొత్తం తొమ్మిది గళ్లు. పైనా పక్కనా జట్ల గుర్తులుంటాయి. అడ్డం వరుసకు క్లీవ్‌లాండ్, నిలువు వరుసకు ఫిలడెల్ఫియా ఉన్నాయనుకోండి, అవి కలిసే గడిలో ఆ రెండు జట్లకూ ఆడినవాళ్లలో ఒకరి పేరు రాయాలి. ఒక్కోరోజు జట్టు బదులు కెరీర్‌లో 300 విజయాలు అనో, హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా) అనో ఇస్తారు. తొమ్మిది గళ్లకు తొమ్మిదే అవకాశాలు. తప్పు రాస్తే ఒకటి పోయినట్టే. ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడకూడదు. బ్రయన్ మింటర్ అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ 2023 ఏప్రిల్‌లో దీన్ని మొదలుపెట్టాడు. మూడు నెలలు దాటగానే, బేస్‌బాల్ లెక్కలన్నీ భద్రపరిచే స్పోర్ట్స్ రిఫరెన్స్ సంస్థ కొనేసింది.

ఇంతవరకూ అయితే మామూలు క్విజ్జే. అసలు కిటుకు మార్కుల్లో ఉంది. మీరు రాసిన పేరునే ఆ గడిలో ఇంకెంత శాతం మంది రాశారో పక్కనే చూపిస్తుంది. తొమ్మిది గళ్ల శాతాలూ కూడితే వచ్చేది మీ స్కోరు. ఖాళీ వదిలితే ఆ గడికి నూరు పడుతుంది. స్కోరు ఎంత తక్కువైతే అంత గొప్ప. అంటే అందరికీ తెలిసిన స్టార్ పేరు రాస్తే గడి నిండుతుంది కానీ స్కోరు పాడవుతుంది. ఎవరికీ గుర్తులేని మనిషిని పట్టుకొస్తే దాదాపు సున్నా. ఆటల ప్రపంచంలో నాకు తెలిసి స్టార్ కంటే మామూలు ఆటగాడికి ఎక్కువ విలువ కట్టే చోటు ఇదొక్కటే. వ్యాసకర్త ఈ సంగతి ఎక్కడా రాయలేదు. ఆడకుండానే రాశారేమో అనిపించింది.

ఇక ఓజే. పైన చెప్పిన క్లీవ్‌లాండ్, ఫిలడెల్ఫియా గడిలో జనం రాసేది జిమ్ థోమీ. 612 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టినవాడు, 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కినవాడు, మరి రాయరా! కొంచెం ఆలోచించేవాళ్లు క్లిఫ్ లీ అని రాస్తారు. నేను చాడ్ ఓజే అని రాస్తాను. మా బల్ల దగ్గర ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ఉన్నాడు, ఆ పేరు ఎప్పుడైనా విన్నావా అంటే తల అడ్డంగా ఊపాడు. పుట్టి పెరిగింది క్లీవ్‌లాండ్‌లోనే!

1997 అక్టోబర్‌లో మేము ఈ ఊరికి కొత్త. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉతికే మెషిన్ల గది ఉండేది. డ్రయ్యర్ మీద ఎవరిదో చిన్న రేడియో పెట్టి ఉంది. పక్క వాటాలో ఉండే పెద్దావిడ దుప్పట్లు మడతపెడుతూ కామెంటరీ వింటోంది. బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఆరో మ్యాచ్, మయామీలో. ఫ్లోరిడా మార్లిన్స్ అప్పటికే మూడు గెలిచారు, మావాళ్లు రెండు. ఇది ఓడితే ఇంటికే. నాకు అప్పటికి బేస్‌బాల్ అంటే ఓనమాలు రావు. మా పిచ్చర్ (బంతి వేసేవాడు) ఓజే బ్యాటింగ్‌కు వస్తున్నాడని రేడియోలో చెప్పగానే ఆవిడ నుదురు కొట్టుకుంది. ఎందుకని అడిగితే చెప్పింది: మా జట్టు ఉన్నది అమెరికన్ లీగ్‌లో, అక్కడ పిచ్చర్ బదులు బ్యాటింగ్ చేయడానికి వేరే మనిషి ఉంటాడు, నేషనల్ లీగ్ మైదానంలో ఆడినప్పుడు ఆ సౌకర్యం లేదు, పాపం ఇతను ఎప్పుడూ బ్యాటు పట్టే మనిషి కాదు అని. బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, అంటే పరుగు కోసం మావాళ్లు ముగ్గురు కాచుకుని ఉన్నారు. ఎదురుగా బంతి వేస్తున్నది కెవిన్ బ్రౌన్, ఆ రోజుల్లో వణుకు పుట్టించే పిచ్చర్. ఓజే బంతిని కొట్టాడు. ఇద్దరు పరుగు పూర్తి చేశారు. పెద్దావిడ చేతిలో ఉన్న దుప్పటి నా మీద పడేసి గంతేసింది. తర్వాత ఓజే ఇంకో హిట్ కూడా కొట్టాడు, పిచ్చింగ్‌లో మ్యాచ్ గెలిచాడు. ఆ సిరీస్‌లో క్లీవ్‌లాండ్ గెలిచిన మూడు మ్యాచుల్లో రెండు ఓజే గెలిపించినవే, రెండుసార్లూ ఓడిన పిచ్చర్ బ్రౌనే.

మర్నాడు ఏడో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా ముందున్నాం. ఆ తర్వాత సమం చేయించుకుని, పదకొండో ఇన్నింగ్స్‌లో ఎడ్గార్ రెంటేరియా హిట్‌తో ఓడిపోయాం. అందరికీ ఆ ఓటమే గుర్తుండిపోయింది. గెలిచి ఉంటే సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఓజేకే దక్కేదని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. 1999లో ఫిలడెల్ఫియాకు ఆడాడు, అదే ఆఖరి సీజన్. ఆ ఒక్క సీజన్ పుణ్యమా అని నా గడిలో ఉన్నాడు. పిచ్చర్లు బ్యాటు పట్టే పద్ధతి కూడా 2022 నుంచి రెండు లీగుల్లోనూ పోయింది కాబట్టి, అలాంటి రాత్రి ఇంకొకరికి వచ్చే అవకాశం లేదు. ఈ పేరు అక్కరకు రానిదా, ఆ వ్యాసకర్తే చెప్పాలి.

మామూలు ఆటగాడే ఈ పజిల్ వల్ల స్టార్ అయిపోవడం కూడా చూశాను. ఎడ్విన్ జాక్సన్ అనే పిచ్చర్ 14 జట్లకు ఆడాడు. అంతకు ముందు అన్ని జట్లు మారినవారు లేరు. 2010లో అరిజోనా తరఫున ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు, తప్పుడు బంతులతో ఎనిమిది మందిని ఊరికే బేస్‌కు పంపి, 149 బంతులు వేసి! అంత బంతులు వేయనిచ్చే కోచ్ ఈ కాలంలో దొరకడు. గ్రిడ్ ఆడేవాళ్లకు జాక్సన్ సర్వరోగ నివారిణి. చాలా గళ్లకు పనికొస్తాడు, మా క్లీవ్‌లాండ్‌కు మాత్రం కాదు. అందుకే అందరూ అతన్నే రాసి రాసి శాతం పెంచేశారు. నేను జాక్సన్‌ను వాడడం మానేశాను. 2025 జూలైలో రిచ్ హిల్ 45 ఏళ్ల వయసులో కాన్సాస్ సిటీ తరఫున బంతి వేసి ఆ 14 జట్ల రికార్డును సమం చేసిన రోజు మా బ్రేక్ రూమ్‌లో పండగే. హిల్ మాకూ ఆడాడు మరి.

న్యూయార్క్ మెట్స్, వాషింగ్టన్ నేషనల్స్ గడి వస్తే నాకు వెంటనే తట్టే పేరు జోయెల్ యంగ్‌బ్లడ్. నేషనల్స్ అంటే 2005కు ముందు మాంట్రియల్ ఎక్స్‌పోస్. గ్రిడ్‌లో పాత ఊరి లెక్క కూడా చెల్లుతుంది. 1982 ఆగస్టు 4న యంగ్‌బ్లడ్ మెట్స్ తరఫున చికాగోలో పగటి మ్యాచ్ ఆడుతూ హిట్ కొట్టాడు. ఆట మధ్యలోనే పిలిచి, నిన్ను మాంట్రియల్‌కు ఇచ్చేశాం పో అన్నారు. విమానమెక్కి అదే రాత్రి ఫిలడెల్ఫియా చేరి, కొత్త జట్టు డ్రెస్సులో దిగి మళ్లీ హిట్ కొట్టాడు. ఒకే రోజు రెండు ఊళ్లలో రెండు జట్లకు హిట్లు కొట్టిన మనిషి మరొకరు లేరు. పైగా బంతులు వేసినవాళ్లెవరు? పగలు ఫెర్గీ జెన్‌కిన్స్, రాత్రి స్టీవ్ కార్ల్‌టన్. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. యంగ్‌బ్లడ్ లేడు.

హ్యారీ చీటీ కథ ఇంకా వింత. 1962లో క్లీవ్‌లాండ్ ఈ క్యాచర్‌ను (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) మెట్స్‌కు ఇచ్చింది. బదులుగా ఎవరిని ఇవ్వాలో తర్వాత తేల్చుకుందామన్నారు. రెండు నెలలు కూడా కాకముందే మెట్స్ తేల్చారు, చీటీనే తిరిగి పంపేశారు! తనకు బదులుగా తనే వెళ్లాడన్నమాట. అయితే గ్రిడ్‌లో జాగ్రత్త. ఆ ఏడాది క్లీవ్‌లాండ్ జీతగాడే అయినా, ఆ జట్టుకు ఒక్క మేజర్ లీగ్ (అగ్రశ్రేణి) మ్యాచ్ కూడా ఆడలేదు. కథ తెలిసి మురిసిపోయి రాసినవాళ్లకు ఎర్ర గుర్తే.

1963లో హ్యూస్టన్‌కు ఒకే ఒక్క మ్యాచ్ ఆడి మూడుకు మూడు హిట్లు కొట్టిన 18 ఏళ్ల జాన్ పచోరెక్ గురించి చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. వెన్ను దెబ్బతిని మళ్లీ మేజర్ లీగ్ గడప తొక్కలేదు. కెరీర్ సగటు నూటికి నూరు.

వ్యాసకర్త ఇంకో మాట అన్నారు, గూగుల్ ఉండగా ఈ జ్ఞాపకాల అవసరమేమిటని. నిజమే, వెతికితే ఐదు సెకన్లలో దొరుకుతుంది. మా ల్యాబ్‌లోనూ బల్ల కింద ఫోన్ పెట్టుకుని వెతికి, పైకి అమాయకంగా మొహం పెట్టేవాళ్లున్నారు. వాళ్ల స్కోరు నాకంటే ఎప్పుడూ బాగుంటుంది. అయితే ఆ పేరు వెనక ఏముందని అడిగితే నోరు పెగలదు. నాకు పేరు గుర్తు రావడమంటే దాని వెంట డ్రయ్యర్ వేడి, రేడియో గరగర, దుప్పటి అన్నీ వస్తాయి. 2016 వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్‌లో మా జట్టు రాజే డేవిస్ బ్యాటును బాగా పైకి పట్టుకుని, చికాగో పిచ్చర్ ఆరోల్డిస్ చాప్‌మన్ వేసిన బంతిని గోడ దాటించి స్కోరు సమం చేశాడు. మావారికి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటలా కనబడదు, ఆయన కూడా సోఫాలోంచి లేచారు. చివరికి మ్యాచ్ చికాగోదే. కానీ డేవిస్ ఎనిమిది జట్లకు ఆడాడు, వాటిలో ఏ జట్టు వచ్చినా నాకు ముందు ఆ బ్యాటు పట్టుకున్న తీరే కనబడుతుంది.

పేర్లు అక్కరకు వస్తాయా రావా అన్నది ఎవరు తేలుస్తారనేది ఇంకో సంగతి. నల్లజాతి ఆటగాళ్ల నీగ్రో లీగ్‌లను మేజర్ లీగ్‌లుగా గుర్తించడానికి 2020 డిసెంబర్ దాకా పట్టింది. 2024 మేలో ఆ లెక్కలు అధికారికంగా కలిపాకే జాష్ గిబ్సన్ .372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో, అప్పటిదాకా ముందున్న టై కాబ్‌ను దాటి మొదటి స్థానంలోకి వచ్చాడు. అన్నేళ్లూ ఆ పేర్లు కొందరు ముసలివాళ్ల నోళ్లలో, పాత పత్రికల కట్టల్లో బతికాయి. మా క్లీవ్‌లాండ్‌కే ఆడిన సాచెల్ పేజ్ మేజర్ లీగ్‌లో తొలి బంతి వేసింది 42 ఏళ్ల వయసులో, 1948లో. క్లీవ్‌లాండ్ ఆఖరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది కూడా ఆ ఏడాదే. 1965లో, అప్పట్లో కాన్సాస్ సిటీలో ఉన్న అథ్లెటిక్స్ జట్టు తరఫున మళ్లీ వచ్చి మూడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. అప్పటికి వయసు 59. క్లీవ్‌లాండ్, అథ్లెటిక్స్ గడికి నేను రాసే పేరు అదే. శాతం ఎంత వచ్చినా ఫరవాలేదు.

మీ క్రీడా పేజీకి కూడా ఒక విన్నపం. అక్టోబర్ వస్తే వరల్డ్ సిరీస్ వార్త నాలుగు వాక్యాలైనా వేస్తున్నారు, సంతోషం. ఆ నాలుగూ జపాన్ స్టార్ ఒహ్తానీ గురించే ఉంటున్నాయి. ఒహ్తానీని తప్పు పట్టడం లేదు, అలాంటి ఆటగాడు మళ్లీ పుట్టడు. కానీ ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి ఇద్దరిని అవుట్ చేసి వెళ్లిపోయిన రిలీఫ్ పిచ్చర్ పేరు కూడా ఒక ముక్క వేయండి. పదేళ్ల తర్వాత నాకు పనికొస్తుంది.

వ్యాసకర్త గారికి ఒక గడి ఇస్తున్నాను. అడ్డం క్లీవ్‌లాండ్, నిలువు న్యూయార్క్ మెట్స్. ఫోన్ పక్కన పెట్టి ఆలోచించాలి. రాజే డేవిస్ చివర్లో మెట్స్‌కూ ఆడాడు, కానీ పేరు పైన నేనే చెప్పేశాను కాబట్టి చెల్లదు. లిండోర్ అని అందరూ రాస్తారు, వద్దు. హ్యారీ చీటీ అని మాత్రం అసలే రాయకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
క్లీవ్‌లాండ్, ఒహాయో