కారు స్టీరియో రొదకు స్పీకర్లే కారణమా?

సంపాదకులకు,

కారు స్టీరియోలో గరగర వస్తోందని చెబితే, హన్మకొండ, కాజీపేటల్లోని కొన్ని డెకార్ దుకాణాల్లో ఏ పరీక్షా చేయకుండానే స్పీకర్లు మార్చాలని సలహా ఇస్తున్నారు. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ హెచ్చే సన్నని ఈల స్పీకర్ లోపం కాదు. ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ నుంచి పుట్టే విద్యుత్ అలజడి, కారు బాడీకి సరిగా బిగించని ఎర్త్ వైరు ద్వారానో, పవర్ వైరు పక్కనే సాగే ఆడియో కేబుల్ ద్వారానో యాంప్లిఫయర్‌లోకి చేరడం వల్ల అది వినిపిస్తుంది. ఇంజిన్ ఆపి, కేవలం కీ ఆన్ చేసి వింటే ఆ ఈల మాయమవుతుంది. అప్పుడు బాడీపై రంగు గీకి, శుభ్రమైన లోహానికి ఎర్త్ బిగించి, ఆడియో కేబుల్‌ను కారుకు రెండో పక్కనుంచి తీసుకెళితే చాలావరకు సరిపోతుంది. రేడియోలో మాత్రమే రొద ఉంటే యాంటెన్నా చూడాలి. బేస్ (లోతైన ధ్వని) పలచబడితే ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారై ఉండవచ్చు. ఆ వైర్లను స్టీరియో వైపు విప్పి, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ వచ్చేలా 1.5 వోల్టుల సెల్‌ను క్షణకాలం తాకిస్తే, కనెక్షన్ సరైనదైతే స్పీకర్‌లోని గరాటు లాంటి కోన్ ముందుకు కదులుతుంది.

వీటికి మించి ఆందోళన కలిగించేది ఫ్యూజు. బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు లేకుండా యాంప్లిఫయర్‌కు లాగిన వైరు ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే మంటలు రేగే ప్రమాదముంది. మన ఎండల్లో దీనిని చిన్న విషయంగా తీసుకోరాదు. బిగించిన ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో, ఎర్త్ ఎక్కడ ఇచ్చారో బిల్లుపై రాసివ్వాలని దుకాణదారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ