వానాకాలం సైకిలు ప్రయాణం

సంపాదకులకు,

వానల్లో బడికి సైకిలు మీద వెళ్లే పిల్లలకు పెద్ద గండం బ్రేకులతోనే. మన ఊళ్లలో చాలా సైకిళ్లకు స్టీలు రిమ్ములే ఉంటాయి. తడిసిన స్టీలును రబ్బరు సరిగా పట్టదు, బండి చాలా దూరం జారాకే ఆగుతుంది. అందుకే కూడలికి బాగా ముందే రెండు మూడుసార్లు బ్రేకు తేలిగ్గా నొక్కాలి. రిమ్ము మీది నీరు తుడుచుకుపోయి పట్టు వస్తుంది. బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము రాసుకుంటుంటే ఆ రోజే మార్చండి. నొక్కితే లివర్ హ్యాండిల్‌కు ఆనుకుంటోందంటే కేబుల్ వదులైనట్టే, బిగించాలి.

క్యారియర్ మీది పుస్తకాల సంచి వెనక్కి వేలాడితే మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టరు కనబడదు. సంచికే రిఫ్లెక్టివ్ టేపు అతికించండి.

ఎడమవైపు తిరిగే లారీ పక్కన సందు దొరికినా దూరకూడదు. మలుపులో దాని వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా లోపలికి కోసుకువస్తాయి, పక్కనున్న సైకిలు డ్రైవరుకు కనిపించదు. లారీ వెనకే ఆగాలి. ఆగి ఉన్న కార్లకు కనీసం మీటరు దూరం ఉంచాలి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు.

మున్సిపాలిటీలకు ఒక విన్నపం: కాలువల మీది ఇనుప జాలీల కమ్మీలు రోడ్డు పొడవునా ఉంటే సన్నటి టైరు వాటి మధ్య దిగబడుతుంది. దయచేసి వాటిని రోడ్డుకు అడ్డంగా వేయించండి.

— ఒక సైకిల్ మెకానిక్, తెనాలి