సమాజ సేవ శిక్షలో కళకూ చోటివ్వండి

సంపాదకులకు,

2024 జూలై 1న నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక మన శిక్షల జాబితాలో ‘సమాజ సేవ’ కూడా చేరింది. ఆరు నేరాలకే అది వర్తిస్తుంది. రూ.5,000 కంటే తక్కువ విలువైన సొత్తు దొంగిలించి మొదటిసారి దోషిగా తేలి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చినవారు, తాగి నలుగురిలో అల్లరి చేసినవారు, పరువునష్టం కేసులో దోషులు ఆ ఆరింటి కిందికి వస్తారు. సేవ అంటే ఏమిటో నేర విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 23వ సెక్షన్ వివరణ ఒక్క వాక్యంలో తేల్చేసింది: సమాజానికి మేలు కలిగేలా, శిక్షగా, కోర్టు చేయమన్న జీతంలేని పని. ఎన్ని గంటలు చేయాలి, ఎవరు చేయించాలి, హాజరు ఎవరు వేయాలి అన్నవి రెండు చట్టాల్లోనూ లేవు. వాటిని నియమావళి రాసేవారే పూరించాలి.

ఈలోగా ఆ ఖాళీలోకి చీపురు, ప్లకార్డు వచ్చి కూర్చుంటున్నాయి. ఊడ్చడం చెడ్డ పనేం కాదు. కానీ దాన్ని శిక్షగా నలుగురికీ చూపిస్తే, రోజూ ఆ పని చేసే పారిశుద్ధ్య కార్మికులను ఏమంటున్నట్టు? పైగా ఊడ్చి వెళ్లిన మనిషికి ఒంటబట్టేది ఏమీ ఉండదు. నియమావళిలో పనుల జాబితా రాసేటప్పుడు కళా కార్యక్రమాలనూ చేర్చాలన్నది మా విన్నపం. ఇది వింత ఆలోచన కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో గోడలు పాడుచేస్తున్న కుర్రాళ్లనే గోడచిత్రాల పనిలోకి మళ్లించారు. ఆ కార్యక్రమం నేటికీ నడుస్తోంది. మసాచుసెట్స్‌లో 1991లో ఒక న్యాయమూర్తి, ఒక సాహిత్య ఆచార్యుడు కలిసి, జైలుకు పోవాల్సినవారిని పుస్తక చర్చలకు పంపే పద్ధతి మొదలుపెట్టారు.

అయితే ఏ కళ అన్నది ఆలోచించి పెట్టాలి. బుర్రకథ 40 గంటల్లో వచ్చే విద్య కాదు. కథకుడు, ఇద్దరు వంతలు కుదరడానికే నెలలు పడుతుంది. తోలుబొమ్మలాటా అంతే. నాటకంలో ఇంకో చిక్కుంది. ఊరి మధ్య వేదిక ఎక్కిస్తే జనం ఆటను చూడరు, ‘వీడే ఆ దొంగ’ అని వేలు చూపిస్తారు. వీధి నాటకం పెట్టాలనుకుంటే వేరే ప్రాంతంలో, మామూలు కళాకారులతో కలిపి, ఎవరు శిక్షలో ఉన్నారో తెలియకుండా ఆడించాలి. ‘నీ నేరాన్నే నువ్వు నటించు’ అనడం మాత్రం ఎన్నడూ కూడదు. అది బలవంతపు ఒప్పుకోలు అవుతుంది.

అన్నిటికన్నా కుదురుగా నడిచేది గోడచిత్రం. ఎనిమిది మందికి సుమారు 300 చదరపు అడుగుల గోడ సరిపోతుంది. నాలుగేసి గంటల చొప్పున పది విడతలు పెడితే 40 గంటలు. మొదటి రెండు విడతలు మాటలకూ బొమ్మ ఎంపికకూ పోతాయి. వీటిని కుదించాలని అధికారులకు ముచ్చటేస్తుంది, కుదించకూడదు. బొమ్మ తమది అనిపించకపోతే మూడో వారానికి సగం మంది రారు. తర్వాతి రెండు విడతల్లో తీగ బ్రష్‌తో నాచు, పాత సున్నం గీకడం, పగుళ్లు పూడ్చడం, ప్రైమర్ వేయడం. కాగితం మీద అంగుళానికి అడుగు లెక్కన గళ్లు గీసి, గోడ మీద సుద్ద పూసిన దారంతో అవే గళ్లు కొడితే, బొమ్మలు వేయడం రానివాళ్లు కూడా తమ గడి తాము నింపగలరు. ఆ గోడకు ప్రైమర్ మూడు లీటర్లు, బయటి గోడలకు వాడే ఎమల్షన్ రెండు పూతలకు ఆరు లీటర్ల వరకు పడుతుంది. రంగులు ఎక్కువైతే మిగులు కూడా ఎక్కువే కాబట్టి ఐదారు మూల రంగులు కొని కలుపుకోవడం మేలు.

గోడ చెడేది చాలావరకు చెమ్మ వల్లే. పైన నీళ్ల ట్యాంకు, వెనక మురుగు కాలువ ఉన్న గోడను ఎంచుకుంటే మొదటి వానాకాలానికే రంగు పొట్టులా లేస్తుంది. కొత్త సిమెంటు పూత అయితే 28 రోజులు ఆరనివ్వాలి. పడమటి ఎండ పడే గోడ మీద మధ్యాహ్నం పనిపెడితే రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది. ఎనిమిది అడుగుల ఎత్తు దాటిన గోడ వద్దు. పరంజా మీంచి పడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఈ చట్టాల్లో జవాబు లేదు. గోడ బడిదో ఆసుపత్రిదో గ్రంథాలయానిదో అయి ఉండాలి. నాయకుల ముఖాలు, పార్టీ రంగులు, ప్రకటనలు ఉండకూడదని నియమంలోనే రాయాలి. లేకపోతే ఈ జీతంలేని పని ఎవరి ప్రచారానికి పోతుందో ఊహించడం కష్టం కాదు.

గంటల లెక్క కోర్టు ఉత్తర్వులోనే ఉండాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో ఇలాంటి జీతంలేని పని 40 గంటలకు తగ్గదు, 300 దాటదు. మన దగ్గర హద్దు లేకపోతే ఒకే నేరానికి ఒక కోర్టు రెండు రోజులు, ఇంకో కోర్టు నెల రోజులు వేస్తుంది. విడతలు ఆదివారాలో సాయంత్రాలో పెట్టాలి. దినకూలీని పది పనిదినాలు పిలిస్తే అది జరిమానా కంటే బరువు. సేవ ఎగ్గొట్టినవారికి సాధారణ (కఠిన శ్రమ లేని) జైలు వేసే వీలు న్యాయ సంహిత 8వ సెక్షన్లో ఉంది కనుక, ‘ఎగ్గొట్టడం’ అంటే ఏమిటో తేటగా రాయాలి. జ్వరం వచ్చి ఒక విడత తప్పితే మరో రోజు చేయనివ్వాలి. హాజరు పట్టీ కళాకారుడు రాయవచ్చు కానీ, జైలుకు దారితీసే నివేదిక ప్రొబేషన్ అధికారే (జైలు బయట ఉన్న దోషుల నడవడిని కోర్టు తరఫున చూసే అధికారి) ఇవ్వాలి. నేర్పేవాడే కాపలాదారైతే ఎవరూ నోరు విప్పరు. ఇక ఆ కళాకారుడికి పారితోషికం తప్పనిసరి. సేవ దోషిది, అతనిది కాదు.

ఒక విషయంలో చాలా జాగ్రత్త కావాలి. ఎవరికి ఏ కళ అన్నది కులం చూసి పంచే ప్రమాదం ఉంది. పేరూ ఊరూ చూసి ఒకరి చేతికి డప్పు, ఇంకొకరి చేతికి కుంచె ఇస్తే శిక్ష మీద మరో శిక్ష వేసినట్టే. ఎంపిక దోషిదే కావాలి, నమోదు పత్రంలో కులం గడే ఉండకూడదు.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సంగతి వేరు. బాలల న్యాయ చట్టం 2015లోని 18వ సెక్షన్ ప్రకారం బాలల న్యాయ బోర్డు వారిని సమాజ సేవకు పంపవచ్చు. 2016 నమూనా నియమాల్లో పార్కుల నిర్వహణ, వృద్ధుల సేవ, ట్రాఫిక్ వలంటీరు పనులు ఉదాహరణలుగా ఉన్నాయి, చివర ‘మొదలైనవి’ అనీ ఉంది. ఆ మాట చాలు, కళను చేర్చడానికి చట్ట సవరణ అక్కర్లేదు. పిల్లలను పెద్దల బృందంలో కలపకూడదు. ప్రారంభోత్సవం రోజు ఫోనులో తీసి పంచే ఒక్క వీడియోతో పిల్లలెవరో బయటపడినా చాలు, అదే చట్టం 74వ సెక్షన్ కింద నేరమవుతుంది: ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. గోడ కింద పిల్లల పేర్లు రాయించాలన్న ఉత్సాహం కూడా ఇక్కడే ఆగాలి.

దీనితో జైళ్లు ఖాళీ అవుతాయని మేం చెప్పడం లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల ప్రకారం ఖైదీల్లో దాదాపు 76 శాతం విచారణ ఖైదీలే. సమాజ సేవ దోషిగా తేలాకే కాబట్టి వారికి ఇది అందదు. మందలింపుతో ఇంటికి పంపాల్సినవారిని కూడా ‘కార్యక్రమం బాగుంది కదా’ అని 40 గంటలకు పంపితే శిక్ష తగ్గకపోగా పెరుగుతుంది. అలాంటివారికి 1958 నాటి ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ కింద మందలించి వదిలేసే దారి ఎప్పటి నుంచో ఉంది, దాన్నే వాడాలి.

ముందుగా ఒక జిల్లాలో, ఒక్క గోడతో మొదలుపెట్టి చూడవచ్చు. గంటలు పూర్తయ్యాక ఎవరైనా పని కొనసాగిస్తామంటే రెండో గోడకు వారికి కూలి కట్టివ్వాలి. ఆ పద్దును మొదటి అంచనాలోనే చేర్చాలి.

– సమాజ కళా శిక్షకులు కొందరు