ఆ 'వందలాది మంది మహిళల' పేర్లు ఎవరు రాస్తారు?

సంపాదకులు గారికి,

1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం మీద ఏటా ఏదో ఒక సందర్భంలో పత్రికల్లో వ్యాసాలు వస్తుంటాయి. ఉద్యమానికి నాంది పలికిన దూబగుంట ఊరి పేరు, అక్కడ ముందు నిలబడిన రోశమ్మ గారి పేరు తప్పకుండా ఉంటాయి. ఉండాల్సిందే. ఆ తర్వాత మాత్రం 'వందలాది మంది మహిళలు కదిలారు' అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. ఆ వందలాది మందిలో మా అవ్వ ఒకరు. మొన్న వేసవిలో పోయింది. జ్ఞాపకార్థ కూడికకు వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి ఆమె ఆ ఉద్యమంలో ఉన్న సంగతే తెలీదు. అందుకే ఈ ఉత్తరం.

మాది కలిగిరి వైపు మెట్ట ప్రాంతం. అవ్వ పొగాకు కూలికి పోయేది. ఆకు కోతల రోజుల్లో జిగురు పట్టి అరచేతులు నల్లగా అట్టలు కట్టేవి. ఎంత రుద్ది కడిగినా ఆ చేత్తో కలిపిన అన్నం చేదుగానే ఉండేదని మా నాయన ఇప్పటికీ చెబుతాడు. ఆ కూలి డబ్బులు తాత చేతిలో పడితే సారా ప్యాకెట్లే. ఇప్పటి పిల్లలకు ఆ ప్యాకెట్లు తెలీవు. ప్లాస్టిక్ కవర్లో వచ్చేవి. మూలను పళ్లతో కొరికి, అక్కడికక్కడే గొంతులో పిండుకుని, కవరు గట్టు మీద పారేసేవాళ్లు. తాగే నీళ్లకు బిందె పట్టుకుని పక్క ఊరి బావికి నడవాల్సిన ఊళ్లో ప్యాకెట్టు మాత్రం వీధిలోకే వచ్చేది.

1991లో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. అవ్వ కూడా రాత్రి బడికి వెళ్లింది. ఆ చదువులోనే తర్వాత దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించిన కథను పాఠంగా పెట్టారు. ప్రభుత్వం సారా అమ్ముకునే హక్కులకు వేలంపాటలు పెట్టి ఖజానా నింపుకుంటూ, అదే ప్రభుత్వం అచ్చేసిన పుస్తకంలో ఆ పాఠం పెట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఎవరో మంచి అధికారి చలవ అయ్యుంటుంది. పాఠం చదివినవాళ్లు ఊరుకుంటారా? వాళ్ల ఊళ్లో చేసింది మనం ఎందుకు చేయలేం అనుకున్నారు.

అవ్వకు భక్తి ఎక్కువ. నెల్లూరులో బాప్టిస్టు మిషన్ 1840లోనే మొదలైంది. మా కుటుంబం పెద్దల కాలం నుంచి ఆ సంఘమే. ఆదివారం ఆరాధన, బుధవారం కూడిక ఆమె తప్పేది కాదు. అంగడి మూయించాలని ఆడవాళ్లు అనుకున్నప్పుడు అప్పటి పాస్టరు గారు 'ఈ లోక గొడవలు మనకెందుకమ్మా, ప్రార్థన చెయ్యండి' అన్నారట. 'అయ్యగారూ, తాగొచ్చి కొట్టే మనిషి కోసం పెళ్లయిన కాడి నుంచి ప్రార్థన చేస్తానే ఉండా. ఇప్పుడు ఆ అంగడి ముందరే కూర్చోని చేస్తా' అందట అవ్వ. అన్నట్టే చేసింది. మా పాళెం ఆడవాళ్లు యేసు పాటలు అందుకుంటే, పెద్ద వీధి ఆడవాళ్లు పక్కనే కూర్చుని గోవింద కొట్టారు. అంతకుముందు ఆ రెండు వీధుల వాళ్లు ఒకచోట కూర్చుంది లేదు. పైట చెంగుల్లో కారం పొట్లాలు, పక్కన చీపుర్లు కూడా ఉన్నాయనుకోండి. ఒట్టి ప్రార్థనతోనే అంగడి మూతపడిందని చెబితే అవ్వే ఒప్పుకోదు.

తాత గడ్డివాములో దాచుకున్న ప్యాకెట్లను నడివీధిలో చించి పారబోసింది కూడా ఆమే. ఆ కోపంతో ఆయన చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత్తర్వాత ఎవరొచ్చినా 'అంగడి మూయించింది మా ఆడమనిషే' అని గొప్పలు పోయిందీ ఆయనే!

ఆ మీదట జరిగింది అందరికీ తెలిసిందే. 1992లో నెల్లూరులో వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇప్పటి బెల్టు షాపుల గురించి రాయాలంటే వేరే ఉత్తరం కావాలి.

సారా ఆగాక మిగిలిన డబ్బును ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున పొదుపు చేశారు. అవ్వ మా వీధి గ్రూపుకి లీడరు. 1995 పంచాయతీ ఎన్నికల్లో మహిళల రిజర్వేషన్ పుణ్యమా అని వార్డు మెంబరయ్యి, మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి పాళెంలో చేతిపంపు వేయించింది. అది ఎండాకాలంలో ఎండిపోయేది, అది వేరే సంగతి.

ఆమె ట్రంకు పెట్టెలో బైబిలు కింద గ్రూపు తీర్మానాల పుస్తకం దొరికింది. మొదటి పేజీల్లో పేర్ల పక్కన అన్నీ వేలిముద్రలే. పోను పోను ఒక్కో ముద్ర సంతకంగా మారుతూ వచ్చింది. ఒక పేజీలో 'మన ఊరిలో సారా అమ్మినవారికి 500 రూపాయలు జరిమానా' అని వంకర టింకర అక్షరాలతో తీర్మానం, కింద రెండు వీధుల ఆడవాళ్ల పేర్లూ ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. ఇంతకంటే మంచి చరిత్ర ఆధారం ఏం కావాలి?

ఇలాంటి పుస్తకాలు జిల్లాలో ఇంకెన్ని పెట్టెల్లో ఉన్నాయో! పెద్దావిడ పోగానే పాత కాగితాలతో పాటు తూకానికి వెళ్లిపోతున్నాయి. అప్పుడు ముప్పై ఏళ్లున్న ఆడవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. విగ్రహాలు, వర్ధంతి సభలు వద్దని కాదు. వాటికంటే ముందు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం విద్యార్థులను ఊళ్లకు పంపి, బతికున్నవాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రికార్డు చేయించాలి. అది కొండలు తవ్వే పనేం కాదు, ఫోనుంటే చాలు. జిల్లా గ్రంథాలయ సంస్థ ఆ పుస్తకాలను, ఫొటోలను సేకరించి స్కాన్ చేసి అసలువి ఇంటివాళ్లకు తిరిగి ఇవ్వాలి. ఏ ఊళ్లో ఎవరెవరు కదిలారో ఆ పేర్లు ఆయా పంచాయతీ ఆఫీసు గోడల మీద రాయించాలి. మీరు కూడా జిల్లా పేజీలో వారానికి ఒక ఊరి చొప్పున ఆ పేర్లు అచ్చేయగలరేమో ఆలోచించండి.

మా అవ్వ పుస్తకం ఇవ్వడానికి మా ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. ఎక్కడికి తెచ్చి ఇవ్వాలో, ఎవరు తీసుకుంటారో సంబంధిత అధికారులు మీ పత్రిక ద్వారానే తెలియజేస్తే సంతోషం.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు, కావలి