పుకార్లు నమ్మొద్దు సరే, నిజం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి

సంపాదకుడు గారికి,

'పుకార్లు నమ్మవద్దు' అన్న అధికారుల ప్రకటన పేపర్లో కనబడిన ప్రతిసారీ నాకు చిరాకొస్తుంది. నమ్మం సరే, మరి ఏది నమ్మాలి, అది ఎక్కడ దొరుకుతుంది అన్నది అదే ప్రకటనలో ఎందుకు రాయరు? మేం గోపాలపట్నం వాళ్ళం, ఈ ప్రశ్న మాకు ఊరికే రాలేదు.

2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనే ఉన్న ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ అనే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది కానీ మోగించలేదు. ఇది నా మాట కాదు, ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. ఆ రాత్రే మళ్ళీ లీకైందని కబురు పాకి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ బళ్ళమీద ఎక్కించుకుని జనం అర్ధరాత్రి రోడ్లమీద పడ్డారు. తర్వాత అదంతా పుకారేనన్నారు, చదువూసంధ్యా లేని జనం అని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. నేనొప్పుకోను. తెల్లారుజామున సైరన్ మోగని చోట రాత్రికి వాట్సాపే సైరన్ అయింది, అందులో జనం తప్పేముంది?

అసలు బాధ ఇంకోటి. ఆ ఫ్యాక్టరీకి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని కంపెనీయే 2019 మేలో రాష్ట్ర అధికారులకిచ్చిన అఫిడవిట్‌లో ఒప్పుకుంది. అంటే ఏడాది ముందే కాగితం మీద ఉంది. గోడ పక్కన కాపురం ఉంటున్న వాళ్ళకి మాత్రం ప్రమాదం అయ్యాక పేపర్లు చూస్తేనే తెలిసింది. స్టైరిన్‌ని చల్లగా ఉంచకపోతే ట్యాంకులోనే తనంతట తాను వేడెక్కుతుందనీ, దాని ఆవిరి గాలికంటే బరువుగా ఉండి నేలబారున పాకుతుందనీ కూడా అప్పుడే నేర్చుకున్నాం. అప్పటిదాకా ఆ సంగతి మాకెవరూ చెప్పింది లేదు, మేమూ అడిగింది లేదు.

అడగడానికి దారి ఉంది, అదీ చెప్పుకోవాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమ పెట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, అది తెలుగు దినపత్రికలో కూడా పడాలి. ఆ పరిశ్రమవల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, పూర్తి నివేదిక ముసాయిదాని కలెక్టరాఫీసుకి వెళ్ళి ఎవరైనా చూడొచ్చు, సభకి వెళ్ళలేనివాళ్ళు రాసి పంపొచ్చు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. జరిగేదేమిటంటే ఆ నోటీసు టెండర్లకీ వేలం ప్రకటనలకీ మధ్య, భూతద్దం పెట్టినా ఆనని అక్షరాల్లో ఉంటుంది. (మీ పేపర్లో కూడా, ఏమీ అనుకోకండి.) ఇక సభ రోజున ఒకవైపు ఉద్యోగాలొస్తాయనేవాళ్ళు, ఇంకోవైపు వద్దనేవాళ్ళు, మధ్యలో పోలీసులు. ఆ సారాంశం చదివి వచ్చినవాళ్ళు పదిమంది ఉన్నా ప్రశ్నలు వేరుగా ఉండేవి. ఏం నిల్వ చేస్తారు, ఎన్ని టన్నులు, సైరన్ ఎవరు మోగిస్తారు, మోగితే మేం ఎటువైపు పరిగెత్తాలి?

విశాఖ స్టీల్ ప్లాంట్ సంగతీ అంతే. మా వీధి చివర టీ బడ్డీ దగ్గర దానికి కేంద్రం 2025 జనవరిలో ప్రకటించిన ప్యాకేజీ గురించి ఒకాయన 11,440 కోట్లు ఊరికే ఇచ్చేశారంటాడు, ఇంకొకాయన అదంతా అప్పేనంటాడు. ఇద్దరూ గొంతు చించుకుంటారు. అందులో 10,300 కోట్లు వాటా మూలధనం (కంపెనీలో వాటాగా పెట్టే డబ్బు), మిగతా 1,140 కోట్లు వర్కింగ్ క్యాపిటల్ అప్పును, అంటే రోజువారీ నడకకి తీసుకున్న అప్పును, ప్రిఫరెన్స్ షేర్లుగా (ఒక రకం వాటాలుగా) మార్చడం. కేంద్రం ప్రకటనలోనే ఉంది, రెండు నిమిషాల పని. ఇది తెలిశాక కూడా ప్యాకేజీ చాలదనొచ్చు, ఎక్కువనొచ్చు, పోట్లాట మాననక్కర్లేదు, కాకపోతే ఉన్న విషయం మీద పోట్లాడుకుంటాం.

గాలి గురించి చెప్పనక్కర్లేదు. వన్‌టౌన్‌లో మేడమీద నల్లదుమ్ము చూపించి ఒకరు తిడుతుంటే, ఇంకొకరు ఫోన్లో ఏదో అంకె చూపించి బాగానే ఉందంటారు. ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, 100 దాటితేనే 'ఓ మోస్తరు', 200 దాటితే 'పూర్' అని ఎంతమందికి తెలుసు? ఆ అంకె ఏ స్టేషన్‌ది, పీఎం10 (గాలిలోని సన్నటి ధూళి) వల్ల పెరిగిందా ఇంకోదానివల్లా అన్నది చూడకుండా గాజువాకకీ ఎంవీపీ కాలనీకీ ఒకటే లెక్క చెప్పేస్తే ఎలా?

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని 4వ సెక్షన్ ప్రకారం చాలా వివరాలు మనం అడగకముందే ఆఫీసులు బయటపెట్టాలి. మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాల పక్కన, ఆ చుట్టుపక్కల పరిశ్రమల నివేదికల సారాంశాలూ వార్డు పనుల లెక్కలూ ఒక అరలో పెట్టడానికి కొత్త చట్టమేం అక్కర్లేదు, ఎవరో ఒక అధికారి సరేననాలి.

మిమ్మల్ని అడిగేది చిన్నపనే. బంగారం ధర, చికెన్ ధర రోజూ ఒక గళ్ళో వేస్తున్నారు కదా, దాని కింద స్టేషన్ పేరుతో సహా ఏక్యూఐ వేయండి. ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు వచ్చిన రోజే సిటీ పేజీలో వార్తగా రాయండి, ఎక్కడ, ఎప్పుడు, ఏ ఫ్యాక్టరీ, సారాంశం ఎక్కడ దొరుకుతుంది, అంతే చాలు. సభ అయ్యాక ఎవరు మైకు లాక్కున్నారన్నది ఫొటోతో వేస్తారు ఎలాగూ, దానితోపాటు జనం ఏం అడిగారో, కంపెనీ ఏం చెప్పిందో కూడా వేయండి. ఆ జవాబులు కత్తిరించి దాచుకునేవాళ్ళు మా గోపాలపట్నంలో ఉన్నారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గోపాలపట్నం, విశాఖపట్నం