పోగు తెగినప్పుడు

సంపాదకులకు నమస్కారం.

కోపం వస్తే పది దాకా లెక్కపెట్టుకోమని, నిజం చెబితే మనసు తేలికవుతుందని మీ ఆదివారం సంచికలో తరచూ రాస్తుంటారు. అక్షరం వదలకుండా చదువుతాను. ఆ మాటలు తప్పని అనను. కానీ నలభై రెండేళ్లు గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాణ్ణి, నాకు అనుభవమైంది కూడా చెప్పాలనిపించి రాస్తున్నాను.

మేము ఒడిశా బరంపురంలో పట్టు నేసే దేవాంగులం, ఇక్కడి మాటలో డేరాలం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. రెండేళ్లకోసారి జాతరలో మా ఊరి ఠాకురాణి అమ్మవారు పుట్టింటికని వచ్చేది మా కులపెద్ద దేశిబెహెరా వీధికే. నేను నేసేది కుంభం అంచు, అంటే గుడి గోపురాల వరసలాంటి అంచున్న బరంపురం పట్టు.

పట్టు పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన దారాల్లో, పోగు తెగితే చప్పుడుండదు. వెంట్రుక కన్నా సన్నం. కంటికి ఆనిందా, ఆ క్షణంలోనే మగ్గం తొక్కే కాలు ఆపాలి. తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని వేళ్ల మధ్య మెలిపెట్టి అతకాలి. ఆపకుండా అడ్డపోగు నడిపే నాడె ఆడించుకుంటూ పోతే బట్టలో నిలువునా సన్న గీత పడుతుంది. జానెడు నేశాక చూసుకుంటే ఆ జానెడూ విప్పాల్సిందే. పేక, అంటే ఆ అడ్డపోగులు, ఒక్కోటీ వెనక్కి లాగాలి. ఒక పూట పోతుంది, పట్టు నలుగుతుంది. తమాయించుకోవడమంటే మా పనిలో అదే, కాలు ఆపడం.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా మగ్గం గుంటలో నీళ్లు నిలిచాయి. తోడి ఆరబెట్టేసరికి పదిహేను రోజులు పోయాయి. మార్గశిరంలో పెళ్లికి ఒప్పుకున్న చీర మగ్గం మీదే ఉంది. ఒకటే టెన్షన్. ఒక రాత్రి బల్బు వెలుతురులో నేస్తుంటే పోగు తెగింది. చూశాను. చూసి కూడా తొక్కాను. బెత్తెడు గీత పడింది. చీర తీసుకెళ్లడానికి వచ్చిన షాపు యజమాని అక్కడ వేలితో తడిమి, "లోపలి మడతలోకి పోతుందిలే, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నేను నోరు మెదపలేదు. డబ్బులు లెక్కపెట్టి తీసుకున్నాను. మా అబ్బాయి అప్పటికి పదేళ్లవాడు, పక్కనే కండెలు చుడుతున్నాడు.

ఎనిమిదేళ్లకు వాడు మగ్గం ఎక్కి సరిగ్గా అదే తప్పు చేశాడు. వీధిలో నలుగురూ చూస్తుండగా చెంప మీద కొట్టాను. "ఈ దొంగపని ఎక్కడ నేర్చావురా" అన్నాను. వాడు ఏడవలేదు. "ఆ పెళ్లి చీరలో గీత నువ్వు దాచలేదా నాన్నా" అన్నాడు.

ఆ నెలలోనే సూరత్ వెళ్లిపోయాడు. మా గంజాం జిల్లా కుర్రాళ్లు వేలమంది అక్కడి పవర్‌లూమ్‌ల మీదే బతుకుతున్నారు. పన్నెండు గంటల షిఫ్టు. చెవులు దిబ్బళ్లు పడే మోత. ఫోన్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు ఇప్పుడు.

పది లెక్కపెట్టి ఉంటే ఆ రోజు కొట్టేవాణ్ణి కాదేమో. కానీ వాడి చీరలో నా గీత కనపడేసరికే చెయ్యి లేచింది. ఆ గీత పడింది ఎనిమిదేళ్ల కిందట. లెక్కపెట్టుకోవాల్సింది అప్పుడు.

ఇప్పుడు చీర విప్పగానే లోపం ఉన్నచోటే ముందు చూపిస్తున్నాను. ధర తగ్గించమంటారు, తగ్గిస్తాను. మరమగ్గం బట్టను చేనేత అని, పాలిస్టర్‌ను పట్టు అని అంటగట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకని కొంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి, కొనేవాళ్ల ఎదుటే కాల్చి చూపిస్తాను. అసలు పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. మీ పాఠకులకు దయచేసి ఈ సంగతి కూడా రాయండి. కూతురి పెళ్లికి అప్పుచేసి చీర కొనేవాళ్లు ఎందరో ఉంటారు.

మా అబ్బాయి ఒడియా బడిలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. తప్పు నాదేనని వాడితో ఇంతవరకు నోరు తెరిచి అనలేకపోయాను. మీరు ఈ ఉత్తరం వేస్తే, వాడి సెలవు రోజు చూసి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పట్టు నేతగాడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా