హయ్యెస్ట్ ప్యాకేజీ సరే, మిగతా పిల్లల సంగతి?

సంపాదకులకు,

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దగ్గర పడితే చాలు, మా అనంతపురంలో టవర్‌క్లాక్ చుట్టూ ఫ్లెక్సీలే. ఒక్కోదాంట్లో ఒక పిల్లాడి ఫొటో, పక్కన అరచేతికన్నా పెద్ద అంకెల్లో 'హయ్యెస్ట్ ప్యాకేజీ'. మా పాపకు కెమికల్ ఇంజినీరింగ్ మీద మనసు. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక కాలేజీకి ఫోన్ చేసి, ఆ బ్రాంచి వాళ్లకు ఎంతొస్తోందని అడిగాను. 'సగటు ఆరు లక్షల డెబ్బై వేలు సార్' అన్నారు. ఎంతమందికి అంటే, వెబ్‌సైట్లో చూసుకోమన్నారు. చూశాను, లేదు.

తొమ్మిది మందికి ఏడాదికి 3 లక్షలు, ఒక్కడికి 40 లక్షలు వచ్చినా సగటు 6.7 లక్షలే అవుతుంది. జీతాలు వరుసగా పేర్చి నడిమిది చూస్తే 3 లక్షలు. ఆ నడిమి జీతాన్నే మీడియన్ అంటారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు మీడియన్ ఇస్తున్నాయి గానీ బీటెక్ బ్రాంచీలన్నీ ఒకటే కుప్ప. అదీ ఉద్యోగం వచ్చినవాళ్ల లెక్కే.

కెమికల్ వాళ్ల దారులు ఒకటి కావు. ఒకరు గేట్ రాసి ప్రభుత్వ రిఫైనరీకి పోతారు, ఇంకొకరు ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీకి. మా వీధి అబ్బాయి ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టు చేస్తాడు. రియాక్టర్ పక్కన నిలబడి గంటగంటకూ టెంపరేచర్, ప్రెషర్ లాగ్‌బుక్‌లో ఎక్కించాలి. పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివన్నీ ప్యాకేజీలో కలిపి చెప్పారట. చేతికొచ్చేది 22 వేలు. అతని క్లాస్‌మేట్ సాఫ్ట్‌వేర్‌కు పోయాడు. ఫ్లెక్సీ మీద 'కెమికల్ విభాగం' అని పడింది మాత్రం ఆ రెండో అబ్బాయి ఫొటోనే!

అమెరికాలో కాలేజ్ స్కోర్‌కార్డ్ అని ఒకటుంది. ప్రభుత్వ ఆర్థిక సాయంతో చదివినవాళ్ల సంపాదనను పన్ను రికార్డుల్లోంచి తీసి, కాలేజీవారీగా, కోర్సువారీగా మీడియన్ చూపిస్తారు. కాలేజీ నోటిమాటతో పనిలేదు. ఇక్కడ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చేది ప్రభుత్వమే, ఆ పిల్లల జాబితా ప్రభుత్వం దగ్గరే ఉంది. పీఎఫ్ ఖాతాలూ ఉన్నాయి. పేర్లు బయటపెట్టకుండా లెక్క తీయడం అంత కష్టమా?

ఏ బ్రాంచిలో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, మూడేళ్ల తర్వాత నడిమి జీతమెంత, అందులో ఎందరు చదివిన పనిలోనే ఉన్నారు... ఈ నాలుగు అంకెలూ ఉన్నత విద్యామండలి కౌన్సెలింగ్ పేజీలోనే కాలేజీ పేరు పక్కన పెట్టాలి.

ఈసారికి మా పాప ఆప్షన్లు వాళ్లనీ వీళ్లనీ అడిగి పెట్టేశాం. వచ్చే ఏడు మా చిన్నోడి వంతు.

- ఒక తండ్రి, అనంతపురం